ఉక్కునగరం క్వార్టరా, మధురవాడ ఫ్లాటా?

విశాఖ స్టీల్ ప్లాంటులో చేరినవాళ్లకు మొదటి టెన్షన్ ఇదే: ప్లాంటు టౌన్‌షిప్ ఉక్కునగరంలో కంపెనీ క్వార్టర్ తీసుకోవాలా, ఊరికి అవతలి వైపున్న మధురవాడలో ఫ్లాట్ అద్దెకు తీసుకోవాలా?

ఖర్చు: క్వార్టర్ తీసుకుంటే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) రాదు. ఫ్లాటుకు అద్దె, మెయింటెనెన్స్.

ప్రయాణం: క్వార్టర్ నుంచి డ్యూటీకి దగ్గర. మధురవాడైతే నైట్ షిఫ్ట్ దిగి గాజువాక, ఎన్‌ఏడీ, హనుమంతవాక దాటాలి.

మనుషులు: అసలు తేడా ఇక్కడే. ఉక్కునగరం సెక్టార్‌లో పక్కింటాయనే మీ షిఫ్ట్ ఇన్‌ఛార్జి, ఆయన భార్య మీ పాప టీచర్. పొద్దున ఆయనతో మాటా మాటా పెరిగినా, సాయంత్రం వినాయకుడి పందిట్లో ఇద్దరూ కలిసి పులిహోర పంచాల్సిందే. కానీ మా అమ్మ జారిపడిన రాత్రి, నేను డ్యూటీ దిగేలోపే ఆసుపత్రికి తీసుకెళ్లింది వాళ్లే. మధురవాడలో మీ గొడవలు ఎవరికీ తెలియవు, మీ కష్టాలూ అంతే.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఉక్కునగరం. భార్య ఆఫీసు రుషికొండ వైపైతే మధురవాడ.