తిరుపతిలో మూడు రోజులు, జెయింట్ వీల్ మీద ఇరవై ఐదు నిమిషాలు

మే నెల మొదట్లో పిల్లలిద్దరితో, అత్తమ్మతో కలిసి తిరుపతి వెళ్లొచ్చాం. బస విష్ణు నివాసంలో. రైలు దిగి రోడ్డు దాటితే చాలు, గది. పెద్దవాళ్లను వెంటబెట్టుకొచ్చేవాళ్లకు ఆ ఒక్క సౌకర్యమే కొండంత. కాకపోతే ముందే బుక్ చేసుకోవాలి. అలిపిరి మెట్లు 3,550. అత్తమ్మ మోకాళ్లు ఒప్పుకోవు కాబట్టి కొండకు బస్సులోనే వెళ్లాం, దర్శనం మొదటిరోజే బాగా జరిగింది.

రెండోరోజు సాయంత్రం పిల్లల పోరు పడలేక ఊరి బయట ఒక ఆటల పార్కుకు వెళ్లాం. నేనూ పెద్దోడూ జెయింట్ వీల్ ఎక్కాం. మా తొట్టి పైకి చేరిందో లేదో గాలి లేచింది. దుమ్ము, నాలుగు చినుకులు, కరెంటు పోయింది. చక్రం ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది.

తొమ్మిదేళ్ల పిల్లాడు, ముందు నవ్వాడు. రెండు నిమిషాలకు వాడి చెయ్యి కడ్డీ మీదికి పోయింది. "అమ్మా, ఇది తీసి దిగిపోదామా?" ఆ మాటకు నా గుండె జారిపోయింది. వాడి రెండు చేతులూ నా చేతుల్లో పట్టేసుకున్నాను. కింద అత్తమ్మ "గోవిందా, గోవిందా" అంటున్నది వినిపిస్తూనే ఉంది. ఎదురుగా కొండ మీద గాలిగోపురం దీపాలు వెలుగుతున్నాయి. వాడికి అవే చూపిస్తూ, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమన్నాను.

చక్రం నడిపే అబ్బాయికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ఒక్కో తొట్టి వైపూ తలెత్తి గట్టిగా చెప్పాడు: "అక్కా, కడ్డీ ముట్టుకోవద్దండి, బ్రేకు పడే ఉంది, కదలకుండా కూచోండి, నేను దించుతా." పార్కులో జనరేటర్ ఉంది, అందులో డీజిల్ లేదు. టికెట్ కౌంటర్లో మాత్రం ఇన్వర్టర్ లైటు వెలుగుతూనే ఉంది. చివరికి నలుగురు కలిసి చక్రాన్ని చేతులతో తిప్పారు. ఒకవైపు జనాన్నే దించుకుంటూ పోతే రెండోవైపు బరువెక్కి చక్రం తనంతట తానే తిరుగుతుందట. అందుకని ఎదురెదురు తొట్లను మార్చి మార్చి ఖాళీ చేశారు. మేం నేల మీద కాలు పెట్టేసరికి ఇరవై ఐదు నిమిషాలైంది.

డబ్బులు వెనక్కి అడగలేదు. డీజిల్ ఎందుకు పోయలేదని అడిగాను. "వాన వస్తుందని ఎవరనుకున్నారు మేడం" అన్నారు కౌంటర్లో. మే నెల సాయంత్రాలు గాలివాన రావడం ఈ వైపు ఎవరికి తెలియదు? ఆ అబ్బాయి చొక్కా చెమటతో తడిసి ముద్దయి ఉంది, వాడికి మంచినీళ్లు ఇచ్చినవాళ్లు కూడా లేరు. మా సీసా ఇచ్చాను. పిల్లల్ని ఎక్కించే ముందు జనరేటర్ పనిచేస్తుందా అని అడగండి, మొహమాటపడకండి.

మూడోరోజు చంద్రగిరి కోట. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటి. రాజమహల్ చూసి తీరాలి, ఇంత కట్టడంలో కలప వాడలేదంటారు. లోపలి మ్యూజియానికి శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్లండి. ఎండకు గొడుగు, నీళ్లు తప్పనిసరి.

అక్కడ మెట్ల దగ్గర పెద్దోడు ఆగిపోయాడు. "పైకి నేను రాను నాయనమ్మా" అన్నాడు. అత్తమ్మ ఏమీ అనలేదు. వాడి చెయ్యి పట్టుకుని చెట్టు నీడకు తీసుకెళ్లి కూచోబెట్టుకుంది.