ఆర్‌ఎక్స్ 100 కొనాలా, పాత హీరో హోండా కొనాలా? రోజూ ఆఫీసుకి ఏది మేలు

"అన్నా, ఆర్‌ఎక్స్ హండ్రెడ్ ఒకటి దొరికింది, తీసేసుకోనా?" ఈ నెలలో ఈ ప్రశ్న నాకిది మూడోసారి. అడిగిన ముగ్గురూ పాతికేళ్లలోపు కుర్రాళ్లే. ఆ యమహా బండి తయారీ 1996లోనే ఆగిపోయింది, అప్పటికి వీళ్లింకా పుట్టలేదు. నన్నే ఎందుకు అడుగుతారంటే, ఒకప్పుడు ఆర్‌ఎక్స్ ఒక ఏడాదిన్నర నడిపి అమ్మేశాను. ఇప్పుడు పాత హీరో హోండా స్ప్లెండర్ మీద రోజూ హైదరాబాద్‌లో రామంతాపూర్ నుంచి కోఠికి పోయొస్తున్నాను.

ఆదివారం తుడుచుకుని ఒక చుట్టు తిప్పి పెట్టుకునే బండి గురించి కాదు నేను చెప్పేది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి కిక్కు కొట్టగానే స్టార్టవ్వాల్సిన బండి గురించి.

కొలతల్లో ఈ రెండూ దాదాపు కవలలు. ఆర్‌ఎక్స్ బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 50 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) కూడా 50. హీరో హోండా సీడీ 100, స్ప్లెండర్‌లలో బోర్ అదే 50, స్ట్రోక్ 49.5. ఒకటి 98 సీసీ, ఇంకోటి 97.2. రెండూ 1985లో మన రోడ్ల మీదికొచ్చిన ఇంజన్లే. కానీ ఆర్‌ఎక్స్ టూ స్ట్రోక్, అంటే ఇంజన్ తిరిగే ప్రతి చుట్టుకీ ఒకసారి పెట్రోల్ మండుతుంది (ఫోర్ స్ట్రోక్ హీరో హోండాలో రెండు చుట్లకోసారి), కాబట్టి 11 గుర్రాల శక్తి ఇస్తుంది, హీరో హోండా ఏడున్నర దగ్గర ఆగుతుంది. అంబర్‌పేట సిగ్నల్ పచ్చబడగానే ఆ తేడా ఏంటో వెనక కూర్చున్నవాడికి కూడా తెలుస్తుంది. వంద కేజీల బండి, చెవిలో ఆ శబ్దం... అబద్ధమాడి లాభం లేదు, అలాంటి పికప్ స్ప్లెండర్‌కి పుట్టుకతోనే లేదు.

అయితే మన దారిలో ఆ పికప్ వాడుకునే చోటెక్కడ? సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి రెండో గేరు, మూడో గేరు, మళ్లీ బ్రేకు. రెండింటికీ ఉన్నవి డ్రమ్ బ్రేకులే. ఎంత వేగంగా లేపినా ఆపాల్సింది వాటితోనే. పైగా టూ స్ట్రోక్‌ని నెమ్మదిగా ఈడ్చుకుంటూ నడిపితే ప్లగ్ నల్లబడి జిడ్డు పడుతుంది. నేను సీటు కింద రెండో ప్లగ్, స్పానర్ ఎప్పుడూ పెట్టుకునేవాణ్ని. మైలేజీ నాకు సిటీలో 35 దాటిన రోజు లేదు, పెట్రోల్‌తో పాటు కాలే 2టీ ఆయిల్ ఖర్చు వేరే. స్ప్లెండర్ ఇప్పటికీ 60కి తగ్గకుండా ఇస్తోంది.

చాలామంది ఈ మైలేజీ దగ్గరే లెక్క తేల్చేస్తారు. నేను మాత్రం ఇంకోటి అడుగుతాను: బండి ఆగిపోయిన రోజు దాన్ని ఎంత దూరం తోసుకుంటూ పోవాలి?

పోయిన వానాకాలం చాదర్‌ఘాట్ దాటాక నా స్ప్లెండర్ క్లచ్ వైరు తెగింది. ఫుట్‌పాత్ మీద ఒక డబ్బా, ఒక గాలి మిషను, రెండు టైర్లు, అంతే ఆ దుకాణం. అతను నన్ను ఏ బండని కూడా అడగలేదు. మేకుకి వేలాడుతున్న కట్టలోంచి ఒక వైరు లాగాడు, హ్యాండిల్ దగ్గర బిగించాడు, రెండుసార్లు నొక్కి చూసి "పోనీ" అన్నాడు. టీ చల్లారేలోపు పని అయిపోయింది. వైరే కాదు, కార్బొరేటర్ కిట్టు, బ్రేకు షూలు, చైన్ స్ప్రాకెట్ ఏదైనా అంతే. ఎందుకంటే ఆ 97.2 సీసీ ఇంజన్‌ని మార్పులు చేసుకుంటూ ఇప్పటికీ తయారు చేస్తూనే ఉన్నారు. హీరో, హోండా 2010 చివర్లో విడిపోయినా స్ప్లెండర్ ఆగలేదు. ఊరి చివర పంచరు షాపు కుర్రాడి చెయ్యి కూడా ఈ బండి మీదే తిరిగి ఉంటుంది.

ఆర్‌ఎక్స్ సంగతి చూడండి. నాది బోర్‌కి వచ్చింది, అంటే సిలిండర్ లోపల అరిగిపోయింది. పొద్దున కిక్కులో బరువు లేదు, పొగ ఎక్కువ, పిస్టన్ గలగల. మామూలుగా బోరింగ్ చేయించి, అంటే సిలిండర్‌ని కాస్త వెడల్పు చేయించి, పావు మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేస్తారు, మళ్లీ అరిగితే అర, ముప్పావు, చివరికి ఒక మిల్లీమీటరు. మెకానిక్ బ్లాకు (సిలిండర్ ఉండే భాగం) విప్పి చూసి నవ్వాడు. నాకు అమ్మినవాడు అప్పటికే ఆఖరి సైజు దాకా తినేశాడు. ఇక మిగిలింది లోపల కొత్త గొట్టం (స్లీవ్) వేయించడమో, కొత్త బ్లాకు వెతకడమో. పుత్లిబౌలిలో షాపు షాపూ తిరిగాను. దొరికినవన్నీ బయటి కంపెనీల కిట్లు. అసలు పాత బ్లాకు ఒకటి చూపించి, మీద జపాన్ ముద్ర ఉందని చెప్పిన ధరకి ఇంకో బండి టైర్లు, బ్యాటరీ వచ్చేస్తాయి. మూడు వారాలు బస్సులో తిరిగాను. కిట్టు వేయించిన రెండు నెలలకి పిస్టన్ పట్టేసింది. తప్పు కిట్టుదో, ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్లో 2టీ చేత్తో కలిపిన నాదో, తేలలేదు. అమ్మేశాను.

బాగా చేసే మెకానిక్ లేడా అంటే ఉన్నాడు, ఆర్‌ఎక్స్‌లు తప్ప ముట్టనివాళ్లున్నారు. కానీ వాళ్ల దగ్గర వరసలో పది బండ్లుంటాయి. మీ ఆఫీసు టైముతో వాళ్లకి పని లేదు.

ధర కూడా చెప్పాలి. నేను చూసినంతలో ఒక మాదిరి ఆర్‌ఎక్స్‌కి లక్ష అడుగుతున్నారు, మెరుగు పెట్టినదైతే పైకే. పాత స్ప్లెండర్ పాతిక వేల లోపు మంచిదే దొరుకుతుంది. ధర పెరిగిన చోటే మోసం కూడా. ఆర్‌ఎక్స్‌లో ఒక బండి ఆర్సీకి ఇంకో బండి ఇంజన్ తగిలించినవి బోలెడు. హ్యాండిల్ మెడ దగ్గర ఛాసిస్ నంబరు మీద గుడ్డతో కిరోసిన్ రుద్ది చూడండి. అంకెలు ఒకే వరసలో, ఒకే లోతులో లేకపోతే అక్కడి నుంచి నడవండి. బండికి 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, దానికి బండిని ఆర్టీఏకి తీసుకెళ్లి చూపించాలి. నంబర్ల తేడా అక్కడ బయటపడితే ఆ టెన్షన్ మీదే, అమ్మినవాడు ఫోనెత్తడు. 1989కి ముందు బండ్లకి మూడక్షరాల పాత నంబర్లుంటాయి. వాటిలో కొన్నింటి వివరాలు ఆన్‌లైన్‌లోకి ఎక్కనే లేదు. ఎక్కించే పని కొనేవాడిదే అవుతుంది.

సైలెన్సర్ మార్చిన ఆర్‌ఎక్స్ అయితే బండితో వచ్చిన అసలు సైలెన్సర్ కూడా అడిగి తెచ్చుకోండి. మార్చిన సైలెన్సర్లని పోలీసులు రోడ్డు రోలర్ కింద పెట్టించిన ఫొటోలు చూసే ఉంటారు.

మిగతావి? సుజుకి సమురాయ్, మాక్స్ 100 మంచి బండ్లే, టూ స్ట్రోక్ మోజు తక్కువ ధరలో తీరుతుంది. స్పేర్లు మాత్రం ఆర్‌ఎక్స్ కంటే కష్టం. కవాసకీ బజాజ్ బాక్సర్ మొరటు బండి, తర్వాత వచ్చిన సీటీ 100 పుణ్యమా అని సామాన్లు దొరుకుతాయి. పల్లెటూరి దారైతే చూడొచ్చు. అదే కంపెనీ కేబీ 100 జోలికి మాత్రం వెళ్లకండి.

బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది. పాత రబ్బరు పైపులు, కార్బొరేటర్‌లోని రబ్బరు రింగులు దానికి ఉబ్బుతాయి, పగుళ్లిస్తాయి. ఏ బండి కొన్నా మొదటి రోజే అవి మార్చేయండి. వారాల తరబడి నిలబెడితే ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి, కాబట్టి రోజూ తిరిగే బండికి ఈ బాధ కొంత తక్కువ.

స్ప్లెండర్ చూడ్డానికి వెళ్తే ముందు చెప్పకుండా పొద్దున్నే వెళ్లండి. ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే మీరొచ్చేలోపు స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజన్ స్టార్టయ్యాక ఎడమవైపు కరకరమంటే టైమింగ్ చైన్ అరిగింది, అది పెద్ద ఖర్చు కాదు, ధర తగ్గించమని అడగొచ్చు. వేడెక్కాక కూడా నీలం పొగ ఆగకపోతే మాత్రం వదిలేయండి, ఇంకోటి దొరుకుతుంది.

ఇదంతా మొన్న ఆ మూడో కుర్రాడికి ఫోన్‌లో అరగంట చెప్పాను. "సరే అన్నా" అన్నాడు. రాత్రికి ఒక ఫొటో పంపాడు: ఎర్ర ట్యాంకు, మెరిసే క్రోమ్, ఆర్‌ఎక్స్ 100. ఛాసిస్ నంబరు ఫొటో తీసి పంపమన్నాను. ఇంకా రాలేదు.