పాత బులెట్ వెనక యాక్సిల్‌కు హాఫ్ ఇంచ్ టార్క్ రెంచ్: కొనొచ్చా?

పాత బులెట్ వెనక చక్రం బిగించేటప్పుడు పానాకు పైపు తొడిగి, మనిషి బరువంతా వేసి లాగడం షెడ్లలో మామూలే. మరలు పోయేది అక్కడే. 40 నుంచి 210 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) క్లిక్ రకం టార్క్ రెంచ్, అంటే పెట్టిన అంకె రాగానే క్లిక్ మనేది, ఆ పైపుకు మంచి బదులు. హాఫ్ ఇంచ్ అంటే సాకెట్ తగిలించే చదరపు మొన సైజు. కాకపోతే అది కొలిచేది నట్ తిప్పడానికి పట్టిన బలాన్నే. చక్రం వంకరగా కూర్చున్నా క్లిక్ మంటుంది.

టార్క్ రెంచ్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789 ప్రకారం ఈ సైజు రెంచ్‌కు తేడా 4 శాతం దాటకూడదు. అంటే 70 దగ్గర పెడితే 67–73 మధ్య. స్కేలు అడుగు భాగంలో నమ్మకం తక్కువ, అక్కడ క్లిక్ కూడా మెత్తగా వస్తుంది. చిన్న బోల్టులకు దీన్ని వాడొద్దు. పాత మాన్యువళ్లలో అంకెలు వేరే కొలతల్లో ఉంటాయి: 7 కేజీ మీటర్లంటే 68.6 న్యూటన్ మీటర్లు, 50 పౌండ్ అడుగులంటే 67.8. మీ మోడల్ మాన్యువల్‌లోని అంకె తీసుకోండి, కొత్త బులెట్‌ది కాదు.

సాకెట్ ఆరు పలకలదే కొనాలి. పాత నట్లు చాలావరకు ఇంచ్ కొలతలవి. మిల్లీమీటర్ సాకెట్ “దాదాపు పట్టింది” అంటే మూలలు అరిగిపోతాయని అర్థం. సైలెన్సర్ అడ్డొస్తే తిన్నని ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవచ్చు, రీడింగ్ మారదు.

రెంచ్ చేతికి తీసుకునేముందే అసలు పని ఉంది. సెంటర్ స్టాండ్ వేసి యాక్సిల్ నట్, బ్రేక్ ప్లేట్ యాంకర్ నట్ (ఆ ప్లేట్ తిరగకుండా పట్టి ఉంచేది) వదులు చేయాలి. మరలు వైర్ బ్రష్‌తో శుభ్రం చేయాలి. మాన్యువల్ చెప్పకుండా ఆయిల్ పూయొద్దు: రాపిడి తగ్గి, అదే అంకె దగ్గర యాక్సిల్ మీద లాగుడు ఎక్కువ పడుతుంది. రెండు వైపులా అడ్జస్టర్ క్యామ్‌లు (యాక్సిల్‌ను ముందుకూ వెనక్కీ జరిపే గాళ్ల బిళ్లలు) ఒకే గాడిలో పెట్టినా, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం) వంగి ఉంటే చక్రాలు ఒకే వరసలో ఉండవు. చక్రాల పక్కన దారం లాగి చూడండి. చక్రం తిరిగేకొద్దీ చైన్ ఒకచోట బిగుసుకుంటుంది. ఆ చోటే ఆట (చైన్ పైకీ కిందికీ కదిలే దూరం) 25–30 మిల్లీమీటర్లు ఉండేలా పెట్టాలి.

తర్వాత చైన్‌కూ వెనక స్ప్రాకెట్‌కూ (పళ్ల చక్రం) మధ్య గుడ్డ ముక్క పెట్టి, ఇంజన్ ఆపే ఉంచి, చక్రాన్ని చేత్తో కొద్దిగా తిప్పండి (వేళ్లు జాగ్రత్త). చైన్ బిగుసుకుని చక్రాన్ని ముందుకు లాగుతుంది, రెండు క్యామ్‌లూ స్వింగ్ ఆర్మ్ మీది పిన్నులకు ఆనుకుంటాయి. బ్రేక్ పెడల్ నొక్కి ఉంచితే బ్రేక్ షూలు డ్రమ్ మధ్యకు వస్తాయి. అవతలి వైపు పానాతో పట్టుకుని నట్‌నే తిప్పాలి. యాక్సిల్ తల తిప్పితే క్యామ్ జరుగుతుంది. మెల్లగా, ఒకే లాగుడుతో, మొదటి క్లిక్‌కే ఆపేయండి. “ఇంకోసారి చూద్దాం” అన్న రెండో క్లిక్ మరికాస్త బిగిస్తుంది.

గుడ్డ తీసి చక్రం తిప్పి చూడండి. నట్ వదులుగా ఉన్నప్పుడు తేలిగ్గా తిరిగి, బిగించాక పట్టేస్తే తప్పు రెంచ్‌ది కాదు. బేరింగుల మధ్య దూరం నిలిపే గొట్టం (డిస్టెన్స్ పీస్) అరిగి ఉంటుంది, లేదా పాత మెకానిక్ వేయడమే మరిచి ఉంటాడు. అలాంటప్పుడు నట్ కొంచెం వదులు చేసి నడిపే అలవాటు ప్రమాదం. చక్రం వెనక్కి జరిగితే బ్రేక్ రాడ్ ఆట మారుతుంది, అదీ సరిచేసి ఆఖరున యాంకర్ నట్ బిగించండి.

ఈ రెంచ్‌తో పట్టేసిన నట్ విప్పొద్దు, దానికి పొడుగు బార్ వేరే ఉండాలి. పనయ్యాక స్కేలు కనిష్ఠ అంకెకు దించి పెట్టెలో పెట్టండి.