‘ఇనన్‌డేటెడ్’ అని కొట్టి చూడండి: ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీపై సమీక్ష

ఇంగ్లిష్ మాటల పుట్టుపూర్వోత్తరాలకు డగ్లస్ హార్పర్ కూర్చిన ఈ ఉచిత నిఘంటువును మించినది వెబ్‌లో కనబడదు. దాని సత్తా తెలియాలంటే ‘ఇనన్‌డేటెడ్’ మంచి పరీక్ష. నీట మునిగిన అని అర్థం; ఫోన్లు, ఫిర్యాదులు ముంచెత్తినా ఇదే మాట.

విశేషణానికి విడిగా వెతక్కండి, ‘ఇనన్‌డేట్’ అనే క్రియ దగ్గరికి వెళ్లండి. పక్కన 1620లు అని ఉంటుంది. మాట అప్పుడే పుట్టిందని కాదు, అంతకు ముందు రాతలో దొరకలేదని. చాలామంది పొరబడేది ఇక్కడే. ‘ఇనన్‌డేషన్’ అనే నామవాచకం 15వ శతాబ్దానికే ఉంది. క్రియను దాన్నుంచే తయారుచేసుకుని ఉండొచ్చు. రెండింటికీ మూలం లాటిన్ ‘ఉండా’, అంటే అల.

అసలు మజా ధాతువు లింకు నొక్కాక మొదలవుతుంది. నక్షత్రం గుర్తుతో ‘వెడ్’ కనిపిస్తుంది; ఇంగ్లిష్, లాటిన్, సంస్కృతాలకు ఉమ్మడి పూర్వభాషలో నీరు, తడి అని దానర్థం. వాటర్, వెట్, వాష్, వోడ్కా, విస్కీ, నీటికుక్క పేరు ‘ఆటర్’ అన్నీ దాని సంతానమే. మునకకే వాడే ‘అవాష్’ కూడా వాష్ వైపు నుంచి ఇక్కడికే చేరుతుంది. ‘సరౌండ్’ అయితే మరీ చిత్రం. మొదట్లో దానర్థం పొర్లిపారడం. చెవికి ‘రౌండ్’లా వినబడి, 17వ శతాబ్దానికి చుట్టుముట్టడంగా మారిపోయింది. అబండెంట్, రిడండెంట్ కూడా పొర్లినవే.

మన ఉదకం, సముద్రంలోని ‘ఉద్ర’ ఈ కుటుంబానివే. అంతమాత్రాన ఇంగ్లిష్ సంస్కృతంలోంచి పుట్టిందని పోస్టులు పెట్టకండి. ఇవి తోబుట్టువులు, తల్లీబిడ్డలు కావు. ఆ నక్షత్రానికి అర్థం కూడా అదే: రూపం ఎక్కడా రాసి దొరకలేదు, భాషలను పోల్చి ఊహించినది. ‘ఫ్లడ్’ది మాత్రం వేరే ధాతువు. జలప్లావనం, ప్లవ నామ సంవత్సరం దాని బంధువులు.

వాడుక నేర్చుకోవడానికి ఇది చాలదు. ‘ఇనన్‌డేటెడ్ విత్ కాల్స్’ అంటారని, పలికేటప్పుడు ఊనిక మొదటి ‘ఇ’ మీద పడాలని తెలియాలంటే కేంబ్రిడ్జ్ లాంటి మామూలు నిఘంటువు పక్కన తెరిచి పెట్టుకోవాల్సిందే.