నిద్రలో తల బాదుకునే పిల్లలకని అమ్మే ‘బరువు దుప్పటి’ సెట్ కొనకండి

పూసలు నింపిన దుప్పటి, మంచం చుట్టూ కట్టే మెత్తలు, ఒక దూది టోపీ, ఇదీ సెట్. నిద్రలో తల బాదుకునే మా నాలుగేళ్ల వాడికని ఆన్‌లైన్‌లో తెప్పించాం, "మూడు వారాల్లో మానేస్తాడు, గ్యారంటీ" అని రాశారు మరి. వాడు మానలేదు సరికదా, ఆ బరువుకి చెమటలు పట్టి అర్ధరాత్రి లేచి ఏడుస్తున్నాడు. కుట్లు ఊడి పరుపంతా గాజు పూసలు. దుప్పటి బరువెంతో, ఏ వయసు వాళ్లకో లేబుల్ మీద లేదు. వెనక్కి తీసుకోమంటే ఒంటికి తగిలే వస్తువట, రిటర్న్ లేదట!

కిటుకంతా ఆ ఫైవ్ స్టార్ రివ్యూల్లో ఉంది. నిద్రలోకి జారుకునేటప్పుడు దిండుకేసి తల కొట్టుకోవడం, అటూ ఇటూ తిప్పడం, ఒళ్లంతా ఊపడం ఏడాది లోపు పిల్లల్లో సగం మందికి పైగా చేస్తారని, ఐదేళ్లకి నూటికి ఏ ఐదుగురిలోనో మిగులుతుందని మా పిల్లల డాక్టరు చెప్పారు. అంటే ఏమీ కొనకపోయినా చాలామందికి పోయేదే. "మా పాపకి తగ్గింది" అని రాసినవాళ్ల పాప పెరిగింది, అంతే.

నాకు ఒళ్లు మండింది ఎక్కడంటే, ఇదే సెట్ పసిపిల్లలకీ అమ్ముతున్నారు. శిశువుల మీద గానీ పక్కన గానీ బరువు దుప్పట్లు వద్దని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2022లోనే చెప్పింది. ఉయ్యాల మంచాలకి కట్టే మెత్తల్ని, ఊపిరాడక పిల్లలు పోతున్నారని, అదే ఏడాది అక్కడ చట్టం చేసి మరీ నిషేధించారు. ఇంటర్ పిల్లలకి ‘హాస్టల్ ప్యాక్’ కూడా ఉంది, రూమ్మేట్స్ నవ్వుతారన్న భయమే వీళ్లకి బేరం.

డబ్బులు పెట్టాల్సిన పనే లేదండి. పరుపు నేల మీద, గోడకి దూరంగా వేయమన్నారు మా డాక్టరు, ఫోన్లో వీడియో తీసి చూపించమన్నారు. దెబ్బలు తగులుతున్నా, పగలంతా మత్తుగా ఉంటున్నా, పెద్ద పిల్లల్లో కొత్తగా మొదలైనా, నాలుక కొరుక్కుంటున్నా మాత్రం ఆలస్యం చేయకూడదు, అవి ఫిట్సేమో డాక్టరుకి చూపించాలి, అవసరమైతే ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల్ని చూసే పరీక్ష) తీస్తారు.

1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు పెట్టాను, డబ్బు ఇంకా రాలేదు. ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లు గ్యారంటీ అని ఉన్న పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, నా ఫిర్యాదు వెళ్లాక నేను కొన్న పేజీలో ఆ లైన్ తీసేశారు.