మిర్చి ధరలతో ఎక్సెల్‌లో గణాంకం నేర్చుకున్న తొమ్మిదేళ్లు

ఎంకామ్‌లో స్టాటిస్టిక్స్ పేపర్‌ను నేను కాలిక్యులేటర్ సాయంతో, పరీక్ష ముందు రాత్రి కంఠస్థం చేసిన సూత్రాలతో గట్టెక్కాను. క్రమవిచలనం (స్టాండర్డ్ డీవియేషన్) ఎంతో లెక్కగట్టి చెప్పగలిగేవాణ్ని గాని, అది దేన్ని కొలుస్తుందని ఎవరైనా అడిగితే తెల్లమొహం వేసేవాణ్ని. 2015లో హన్మకొండలో డిగ్రీ విద్యార్థులకు అదే పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు, ముందు నాకు అర్థం కావాలన్న భయంతో ఎక్సెల్ తెరిచాను. ఆ తర్వాత తొమ్మిదేళ్లలో ఎక్సెల్ 2010, 2016 కూర్పులను, ఇంట్లో ల్యాప్‌టాప్‌లో లిబ్రేఆఫీస్ కాల్క్‌ను, కొంతకాలం గూగుల్ షీట్స్‌ను వాడాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: గణాంకం నేర్చుకోవడానికి స్ప్రెడ్‌షీట్‌ను మించిన పలక నాకు దొరకలేదు, కాని అందులో సిద్ధంగా ఉండే విశ్లేషణ పెట్టెను మొదటి ఏడాది తెరవకపోవడమే మేలు.

నేను సాధన చేసింది వరంగల్ ఏనుమాముల మార్కెట్ మిర్చి ధరల మీద. మార్కెట్ యార్డుల రోజువారీ ధరల్లో కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ ధర అని మూడు అంకెలు ఉంటాయి. ఈ మోడల్ అంటే పాఠ్యపుస్తకంలోని బాహుళకమేనని, అంటే ఎక్కువసార్లు వచ్చే విలువేనని, సగటు కాదని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. అయిదు లాట్లు క్వింటాలుకు 12,000, 12,500, 13,000, 13,000, 19,500 రూపాయల చొప్పున అమ్ముడుపోయాయనుకుందాం. సగటు 14,000 వస్తుంది. ఈ లెక్క చూపించినప్పుడు మా బాపు, ఆయన నర్సంపేట దిక్కు మిర్చి పండించిన మనిషి, ఒకే ప్రశ్న వేశాడు: "పద్నాలుగు వేలు ఎవ్వనికచ్చిందిరా?" ఎవరికీ రాలేదు. నలుగురికి అంతకంటే తక్కువే వచ్చింది. చివరి గడిలో 19,500 తీసేసి 25,000 అని కొడితే సగటు వెంటనే 15,100కు ఎగబాకుతుంది, వరుసలో నడుమ ఉండే విలువ, అంటే మధ్యగతం మాత్రం 13,000 దగ్గర కదలకుండా నిలబడుతుంది. ఇదంతా ఎంకామ్‌లో చదివిందే అయినా, గడిలో అంకె మారిన మరుక్షణం ఒకటి కదిలి మరొకటి కదలకపోవడాన్ని కళ్లతో చూసిన తరువాతే నాకు తలకెక్కింది.

క్రమవిచలనాన్ని కూడా ఫంక్షన్ (ఎక్సెల్‌లో సిద్ధంగా ఉండే సూత్రం) పిలవకుండా నిలువు వరుసల్లోనే కట్టుకున్నాను. పక్క వరుసలో సగటు నుంచి ఒక్కొక్క ధర ఎంత దూరమో, దాని పక్కన ఆ దూరాల వర్గాలు, కింద వాటి మొత్తం. పై అయిదు ధరలకు ఆ మొత్తం 3,85,00,000 కాగా అందులో 3,02,50,000 ఒక్క చివరి లాటుదే. అంటే ధరల్లో కనబడే చెదురు నాలుగింట మూడు వంతులకు పైగా ఒకే లాటు నుంచి వచ్చిందన్న మాట. ఫంక్షన్ ఇచ్చే ఒంటరి జవాబులో ఈ సంగతి కనిపించే అవకాశమే లేదు. ఆ మొత్తాన్ని నాలుగుతో భాగించి వర్గమూలం తీస్తే 3,102, అయిదుతో భాగిస్తే 2,775 వస్తాయి. మొదటిది స్టడెవ్ డాట్ ఎస్ ఇచ్చే జవాబు, రెండవది స్టడెవ్ డాట్ పి ఇచ్చేది. చేతిలో ఉన్నది ప్రతిచయనమా (శాంపిల్), మొత్తం సమష్టియా (పాపులేషన్) అన్న ప్రశ్నకు జవాబు తెలిసినవాడికే ఈ రెండింటిలో ఏది వాడాలో తెలుస్తుంది.

స్ప్రెడ్‌షీట్ తన సత్తా చూపించేది మాత్రం రాండ్ ఫంక్షన్‌తో. ఒక్కో అడ్డు వరుసలో ముప్పై యాదృచ్ఛిక సంఖ్యలు, చివర వాటి సగటు, అలాంటివి వెయ్యి వరుసలు నింపి, ఆ వెయ్యి సగటులకు హిస్టోగ్రామ్ గీయాలి. విడి సంఖ్యలు సున్నా నుంచి ఒకటి వరకు సమంగా పరుచుకుని ఉంటాయి, వాటి సగటులు మాత్రం అర దగ్గర గంట ఆకారంలో గుమిగూడతాయి. ఎఫ్9 నొక్కిన ప్రతిసారీ అంకెలన్నీ మారుతాయి, ఆకారం మారదు. కేంద్ర అవధి సిద్ధాంతాన్ని బోర్డు మీద రెండు గంటలు చెప్పిన రోజుల కంటే ఈ పావుగంట పాఠం తరువాత విద్యార్థులు మంచి ప్రశ్నలు అడుగుతున్నారు.

ఇక ఇబ్బందుల సంగతి. అన్నిటికంటే ఎక్కువ కాలం నన్ను తిప్పలు పెట్టినవి తేదీలు. కంప్యూటర్‌లో తేదీ అమరిక అమెరికా పద్ధతిలో ఉందని గమనించకుండా 05-03-2018 అన్న మార్చి ధరను ఎక్కించాను, అది మే 3గా కూర్చుంది. పదమూడో తేదీ నుంచి అన్నీ తేదీలుగా మారక వట్టి అక్షరాలుగా మిగిలాయి. అక్షరాలు గడిలో ఎడమకు, అంకెలు కుడికి జరిగి ఉంటాయి కాబట్టి, శుభ్రం చేయడం పూర్తయ్యేదాకా ఏ వరుసనూ మధ్యకు సర్దవద్దని నా విద్యార్థులకు గట్టిగా చెబుతాను. ఈ బాధ నా ఒక్కడిదే కాదు: మార్చ్1, సెప్ట్2 వంటి జన్యువుల పేర్లను స్ప్రెడ్‌షీట్లు తేదీలుగా మార్చేస్తుండటంతో, 2020లో శాస్త్రవేత్తలు ఆ జన్యువుల పేర్లనే మార్చుకున్నారు. సెలవు రోజున ధర లేదని సున్నా వేయడం నేను చేసిన మరో పొరపాటు. ఖాళీ గడిని యావరేజ్ ఫంక్షన్ వదిలేస్తుంది, సున్నాను మాత్రం ధరగానే లెక్కిస్తుంది.

జిల్లాల పేర్లది ఇంకో కథ. హన్మకొండ, హనుమకొండ అని రెండు రకాలుగా రాస్తే డేటాను పేర్లవారీగా కూడి చూపే పివట్ టేబుల్‌కు అవి రెండు ఊళ్లు, ఆ తప్పు దిద్దడం తేలిక. కాని జిల్లాల పునర్విభజన వల్ల 2016కు ముందు వరంగల్ జిల్లా, 2021 తరువాతి వరంగల్ జిల్లా ఒకే పేరున్న వేర్వేరు ప్రాంతాలు. గడిలో అక్షరం అక్షరం సరిపోతుంది కనుక ఏ సాఫ్ట్‌వేరూ హెచ్చరించదు. జిల్లాలవారీ దిగుబడులను ఒకే గీతగా గీసి, జిల్లా చిన్నదవడం వల్ల అందులో కనబడిన పతనానికి నేను వర్షాభావాన్ని కారణంగా చూపబోయి ఆగాను.

విశ్లేషణ పెట్టె, అంటే ఎక్సెల్‌లోని అనాలిసిస్ టూల్‌పాక్, మొదట కంటికి కనిపించదు. ఆప్షన్స్‌లో యాడ్-ఇన్స్‌కు వెళ్లి టిక్ పెడితే డేటా ట్యాబ్‌లోకి వస్తుంది. లిబ్రేఆఫీస్‌లో ఆ శ్రమ లేదు, డేటా మెనూలోనే స్టాటిస్టిక్స్ ఉంటుంది. టూల్‌పాక్ ఇచ్చే ప్రతిగమన (రిగ్రెషన్, అంటే డేటాకు సరిపడే గీతను లెక్కగట్టడం) ఫలితం గడ్డకట్టిన పట్టిక, అసలు డేటాలో అంకె దిద్దినా అది మారదు. తప్పుడు ధరను సరిచేసి పాత ఫలితాన్నే క్లాసులో చూపించిన రోజు నాకు ఉంది. లైన్‌ఎస్ట్ వంటి ప్రతిగమన ఫంక్షన్లకు ఈ జబ్బు లేదు.

తేదీ మీద ధరకు ప్రతిగమనం చేసినప్పుడు స్థిరపదం, అంటే తేదీ సున్నా అయినప్పుడు గీత చూపే ధర, మైనస్ లక్షల్లో రావడం చూసి కంగారుపడ్డాను. ఎక్సెల్ తేదీలను 1900 నుంచి రోజులుగా లెక్కిస్తుంది, 2024 జనవరి 1 దానికి 45,292. నేను అడగకపోయినా అది 1900 నాటి మిర్చి ధర చెబుతోందన్న మాట. సీజన్ మొదటి రోజును అన్ని తేదీల నుంచి తీసివేస్తే వాలు మారకుండా స్థిరపదం అర్థవంతమవుతుంది. ఆ పట్టికలో పి విలువ (సంబంధమే లేకపోతే ఇలాంటి ఫలితం కేవలం యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యత) దాదాపు సున్నా అని మురిసిపోవడం ఇంకా పెద్ద పొరపాటు. నేటి ధర నిన్నటి ధరను పట్టుకునే నడుస్తుంది గనుక, పరిశీలనలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివన్న షరతు అక్కడే వీగిపోతుంది. దీన్ని పరీక్షించే డర్బిన్-వాట్సన్ సంఖ్య టూల్‌పాక్‌లో లేదు, కాని అవశేషాల (అసలు ధరకు, గీత చెప్పిన ధరకు మధ్య తేడాల) వరుస ఉంటే సమ్ఎక్స్‌ఎమ్‌వై2ను సమ్‌ఎస్‌క్యూతో భాగించి ఒకే గడిలో రాబట్టవచ్చు. సంబంధం లేకపోతే అది రెండు దగ్గర ఉండాలి, నాకు మాత్రం చాలా దిగువన వచ్చింది.

పెద్ద పనికి స్ప్రెడ్‌షీట్‌ను నమ్ముకోవద్దు. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైలులో 65,536 వరుసలే పడతాయి. ఈ హద్దు తగిలి 2020లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు సకాలంలో లెక్కకు ఎక్కలేదు. కొత్త ఫైలులో 10,48,576 వరుసలు ఉన్నా, ఏ గడిలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నాలుగు నెలల తరువాత నాకే గుర్తుండదు. అందుకే పరిశోధన పత్రానికి వెళ్లే లెక్కను ఇప్పుడు గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లో మళ్లీ చేసి రెండు జవాబులూ సరిచూసుకుంటున్నాను.

ఫోన్‌లో గూగుల్ షీట్స్‌తో నేర్పాలని రెండు సెమిస్టర్లు ప్రయత్నించాను. సూత్రం టైపు చేయడానికే పీరియడ్ అయిపోతుండటంతో మానేసి, ఇద్దరికొక కంప్యూటర్ చొప్పున ల్యాబ్‌లోనే కూర్చోబెడుతున్నాను.