చిప్‌లో రాసిన కీ మేలా, చిప్‌తో పుట్టిన కీ మేలా?

బ్యాంకు కార్డయినా సిమ్ అయినా, తాను అసలుదేనని రుజువు చేసుకునేది లోపల దాచిన ఒక రహస్య సంఖ్యతోనే. ఆ కీని కార్డు బయటపెట్టదు. రీడర్ అడిగిన ప్రశ్నకు దాంతో లెక్క కట్టి జవాబు మాత్రం ఇస్తుంది. పేచీ అంతా ఆ కీ ఎక్కడ ఉండాలన్న దగ్గరే.

పాత పద్ధతిలో కార్డు తయారయ్యేటప్పుడే దాన్ని మెమరీలోకి ఎక్కిస్తారు. చవక, బాగా నలిగిన దారి. చిక్కల్లా, కరెంటు లేకపోయినా కీ అక్కడే పడి ఉంటుంది. చిప్ పైపొరలు యాసిడ్‌తో ఒలిచి మైక్రోస్కోపు కింద పెట్టే ఓపిక, డబ్బు ఉన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు దాన్ని చదివేయొచ్చు.

రెండో దారి పఫ్ (ఫిజికల్లీ అన్‌క్లోనబుల్ ఫంక్షన్). అంటే కీని రాయకుండా, తయారీలో దేనికది వచ్చే చిన్న తేడాల్లోంచే రాబట్టడం. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో రవికాంత్ పప్పు, సహచరులు గాజు పూసలు కలిపిన ఎపాక్సీ (గట్టిపడే జిగురు) ముక్క గుండా లేజర్ పంపి, అవతల పడే చుక్కల నమూనానే గుర్తింపుగా వాడొచ్చని 2002లో చూపించారు. పూసల్ని మళ్లీ అదే తీరున అమర్చడం తయారుచేసినవాడి తరం కూడా కాదు. ఆలోచన గొప్పదే, కానీ ఆ లేజర్ సరంజామా కొట్టు కౌంటర్ మీద ఎవరు పెడతారు?

సిలికాన్‌లో వచ్చిన ఆర్బిటర్ పఫ్ రెండు సిగ్నళ్లకు పందెం పెట్టి, ఏది ముందొచ్చిందో చూస్తుంది. దీన్ని నేను పక్కన పెట్టేస్తాను. 2010 నాటికే కొన్ని వేల ప్రశ్న–జవాబులు చూసి, మిగతావి దాదాపు తప్పు లేకుండా చెప్పే ప్రోగ్రాములు వచ్చేశాయి.

నిలబడింది ఎస్‌ర్యామ్ పఫ్. ఎస్‌ర్యామ్ అంటే కరెంటు ఉన్నంతసేపే విలువ పట్టుకునే మెమరీ. ఒక్కో బిట్ దాచే దాని ఒక్కో గడిలో ఆరు ట్రాన్సిస్టర్లు. వాటిలో నాలుగింటితో చేసిన రెండు ఇన్వర్టర్లు (సున్నాను ఒకటిగా, ఒకటిని సున్నాగా తిప్పే సర్క్యూట్లు) ఎదురెదురుగా ఒకదాన్నొకటి తోస్తుంటాయి. రెండూ ఒకేలా ఉండాలన్నది డిజైన్, కానీ తయారీలో వెంట్రుకవాసి తేడా తప్పదు. కరెంటు తగలగానే ఆ తేడాను బట్టి గడి సున్నాకో ఒకటికో ఒరుగుతుంది. ఎన్నిసార్లు ఆపి పెట్టినా చాలా గడులు అటే ఒరుగుతాయి. ఆ వరసలోంచే కీ తీస్తారు. కరెంటు పోతే కీ కూడా ఉండదు.

చాలా గడులు అన్నాను, అన్నీ కాదు. కొన్ని ఊగిసలాడతాయి, వేడి పెరిగితే ఇంకా ఎక్కువ. కీలో ఒక్క బిట్ తప్పినా కార్డు పనిచేయదు కనుక తప్పులు దిద్దే డేటాను మామూలు మెమరీలోనే దాస్తారు. పఫ్ ఉంటే మెమరీయే అక్కర్లేదనే మాట అందుకే సగం నిజం. పైగా ఏళ్లపాటు ఒకే విలువ పట్టుకుని ఉంటే గడి మొగ్గు మారొచ్చు. దానికి విరుగుడుగా, చదవగానే తలకిందుల విలువ రాసిపెట్టే చిట్కా ఉంది. నకలు అసాధ్యమనీ అనలేం. 2013లో బెర్లిన్ పరిశోధకులు అయాన్ కిరణాలతో మరో చిప్‌ను చెక్కి, అదే వరస రప్పించారు. కాకపోతే ఆ యంత్రాల ఖరీదు అందరి వల్లా అయ్యేది కాదు.

మరి ఏది మేలు? బ్యాంకు కార్డుకూ సిమ్‌కూ రెండూ కలిపి వాడటమే. బ్యాంకుకు తన కీ కావాలి. చిప్ పుట్టుకతో తెచ్చుకున్నది బ్యాంకు ఎంచుకున్నది కాదు కదా. కనుక బ్యాంకు కీని మెమరీలోనే పెట్టి, పఫ్ ఇచ్చిన కీతో దాన్ని గుప్తీకరించాలి. మెమరీ మొత్తం చదివినా దొంగకు చెత్తే దొరుకుతుంది. బస్సు పాసుకు ఇంత అక్కర్లేదు, రాసిన కీ చాలు. అన్ని పాసుల్లోనూ ఒకే కీ పోసే సంస్థ అయితే, పఫ్ ఊసెత్తే ముందు పాసుకో కీ ఇవ్వాలి.